చెయ్యి పట్టుకునే కుర్చీ

మా మేనమామ భార్యను ఇంట్లో అందరం మిషనత్త అంటాం. కర్టెన్లు కుడుతుంది. పొద్దున్న టీ గ్లాసు కింద పెట్టిన దగ్గర్నుంచి దీపాలు వేసేదాకా ఆమె కాళ్ళ కింద పెడలు ఆడుతూనే ఉంటుంది. ఎవరైనా పలకరిస్తే మిషను ఆపదు, గొంతు పెంచుతుంది. పక్క వాటాలో పెరిగిన నాకు అరిచి మాట్లాడటం అబ్బింది ఆమె వల్లే. ఊరికే కూర్చోవడం ఆమె దృష్టిలో ఒక జబ్బు. ఆ జబ్బు నాకుందని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది.

మామయ్య మెతక మనిషి, ఉన్నాడో లేడో తెలిసేది కాదు. ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు. అదే గదిలో అత్తయ్య వెనకాల, కిటికీ పక్కన, వాలుగా ఉండే ఎత్తు బల్ల, దానికి తగ్గ ఎత్తు కుర్చీ. ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టుకుని ఒక జీవితకాలం పనిచేశారు. పోట్లాడుకోవాలంటే మాత్రం ఇటు తిరిగేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం మామయ్య తలనొప్పిగా ఉందన్నాడు. టీ పెట్టనా అంటే వద్దన్నాడు. అత్తయ్య ఒక పొడుగు కర్టెను అంచు ముగించి తిరిగి చూస్తే ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. పెన్సిలు వేళ్ళ మధ్యే ఉంది. నిద్రపోతున్నాడనుకుని ఇంకో కర్టెను కుట్టింది.

రక్తపోటు అన్నాడు డాక్టరు. చాలా ఏళ్ళుగా లోపలే ఉండి ఉంటుందన్నాడు. మామయ్య బతికుండగా ఒక్కసారి కూడా చూపించుకోలేదు.

ఏడాది తిరిగేలోపే అత్తయ్యకూ అదే బయటపడింది. ఆమెను చూపించిన ఆసుపత్రిలో బీపీ వాళ్ళకు పాఠాలు చెప్పే నర్సమ్మ ఒకావిడ ఉంది. బడిపిల్లలకు చెప్పినట్టే చెబుతుంది. ఉప్పు తగ్గించాలి, రోజూ నడవాలి, ఒంట్లో బాగుందనిపించినా మాత్ర మానకూడదు. ఇంట్లో బీపీ మిషను పెట్టుకుని పొద్దున్నే మాత్రకు ముందు చూసుకోవాలి. అలా చూసుకునే ముందు ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి.

అత్తయ్య ఉప్పుకు ఒప్పుకుంది. నడకకూ ఒప్పుకుంది. ఐదు నిమిషాల దగ్గర మాత్రం ఒంటికాలి మీద లేచింది.

"ఏమీ చేయకుండా ఎలా కూర్చుంటారమ్మా? నాకు చేతకాదు."

"అది కూడా నేర్చుకోవాలి" అంది నర్సమ్మ.

బీపీ మిషను పెట్టడానికి ఆ గదిలో ఖాళీ చోటు ఒక్కటే దొరికింది, మామయ్య బల్ల పక్కన కిటికీ గట్టు. తక్కిన చోటంతా బట్టలే. కూర్చోవాలంటే ఆయన కుర్చీయే దిక్కు. ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. మొదటి రోజు నేనే ఆమె చేతికి పట్టీ చుట్టాను. కుట్టుమిషను ఆగింది. ఆ గదికి అంత నిశ్శబ్దం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది.

కాసేపటికి కుర్చీ కిర్రుమంది. అత్తయ్య కదల్లేదు, నేను ఆమెనే చూస్తున్నాను. ఆ తర్వాత కాగితం మీద పెన్సిలు గీస్తున్నట్టు సన్నగా ఏదో గీరుడు చప్పుడు. ఆగింది, మళ్ళీ మొదలైంది. నేను మీట నొక్కాను. పట్టీ బిగిసింది, వదిలినట్టే వదిలి ఈసారి ఇంకా గట్టిగా బిగిసింది. అత్తయ్య కళ్ళు మూసుకుంది. పై అంకె నూట అరవై దాటింది. మాత్రలు మొదలుపెట్టాక, అంతకుముందు వారం ఆసుపత్రిలో చూస్తే అంతా సక్రమంగానే ఉంది.

ఇక రోజూ ఇదే వరస. ఆసుపత్రిలో కుదురుగా ఉండే అంకె ఆ కుర్చీలో కూర్చోగానే పైకి లేచేది. ఎదురింటావిడ నాకూ చూడమని వచ్చి కూర్చుంది. మనిషి నిక్షేపంగా ఉంది, అంకె మాత్రం మండిపోతోంది. రెండోసారి బిగియగానే "నన్నెవరో పట్టుకున్నారు" అంటూ దిగి పరుగెత్తింది, చేతికి పట్టీతో, వెనకాల ఈడ్చుకుపోతున్న మిషనుతో. నవ్వాలో భయపడాలో తెలియలేదు.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. చప్పుడు ఎక్కడిదో వెతకడమే నా ఉద్యోగం. దయ్యమంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆ కుర్చీని బోర్లించి మరలన్నీ బిగించాను, కాళ్ళకు రబ్బరు ముక్కలు తొడిగాను. తర్వాత నేనే ఎక్కి కూర్చున్నాను. నేలకు నా కాలివేళ్ళు మాత్రమే తగిలాయి. అత్తయ్య వంటింట్లో ఉంది. కుర్చీ కిర్రుమనలేదు. హమ్మయ్య అనుకునేంతలో చెక్కిన పెన్సిలు వాసన వచ్చింది. ఆ బల్ల మీద పెన్సిళ్ళు తీసేసి ఏడాదైంది. పట్టీ బిగిసింది, వదిలింది, మళ్ళీ బిగిసింది. అంకె చూడకుండానే దిగిపోయాను. ఆ రోజు అత్తయ్య ముఖం వైపు చూడలేకపోయాను.

ఆమెకు మాత్రం భయం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కుట్టు మొదలుపెట్టే ముందు తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఎవరో వస్తున్నట్టు ఆ కుర్చీ ఎక్కేది. ఐదు నిమిషాలు కాస్తా అరగంటయ్యాయి. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి చెవులు రిక్కించి అలా కూర్చుంటే, తలుపు దగ్గరే నిలబడిపోయేవాణ్ణి. లోపలికి అడుగు పడేది కాదు.

ఒక రోజు నా చొక్కా గుండీ ఊడింది. అత్తయ్య గుండీల డబ్బా తీసి వెతుకుతుంటే తెల్ల గుండీల మధ్య చిల్లుల్లేనివి తగిలాయి. చేతిలోకి తీసుకున్నాను. మాత్రలు. డబ్బా అడుగున ఇంకా బోలెడున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బా తెచ్చి ఆమె ముందు బోర్లించాను.

"ఏంటిది అత్తయ్యా?"

మిషను ఆపింది. నా మాట కోసం ఆమె మిషను ఆపడం అదే మొదటిసారి.

"వేసుకుంటే తగ్గుతుంది కదరా" అంది.

"తగ్గాలనే కదా వేసుకోమంది."

"తగ్గితే ఆయన వదిలేస్తాడు." చాలా మామూలుగా అంది, పాల ప్యాకెట్ సంగతి చెప్పినట్టు. "ఆ పట్టు నీకు తెలీదు. రోడ్డు దాటేటప్పుడు నన్ను ఇలాగే పట్టుకునేవాడు, మోచేతి పైన, నొప్పి పుట్టేలా. వదిలించుకునేదాన్ని. ఆ రోజు నన్ను పిలిచే ఉంటాడు. మిషను చప్పుడులో నాకు వినపడలేదు. ఇప్పుడు పిలిస్తే వినాలి కదా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మాత్రలు ఏరి మళ్ళీ డబ్బాలో వేశాను. "నీ ప్రాణం పోతుందత్తయ్యా" అని మాత్రం అనగలిగాను. ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. జవాబేమిటో నాకు తెలుసు. పోతే ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు, అక్కడ ఎవరున్నారో కూడా తెలుసు. ఆమెను బతిమాలాను, తిట్టాను, తినకుండా అలిగాను. ఏదీ చెవిన పెట్టలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కుట్టుమిషను చప్పుడు లేదు. కుర్చీలో ఉంది. నుదురు పట్టుకుని వాలు బల్ల మీదకు వంగి ఉంది.

"తలనొప్పిగా ఉందిరా" అంది.

"టీ పెట్టనా?"

"వద్దు."

అవే మాటలు, అదే చోటు. ఆమెను చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాను. వెనక గదిలో కుర్చీ కిర్రుమన్నది నేను విన్నాను. ఆగి చూడలేదు.

సమయానికి తీసుకొచ్చారన్నారు ఆసుపత్రిలో. నాలుగు రోజులు ఉంచుకుని పంపారు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే నర్సమ్మను వెంటబెట్టుకొచ్చాను. కుర్చీ సంగతి, చప్పుళ్ళ సంగతి, మాత్రల సంగతి ఏదీ దాచకుండా దారిలోనే చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు.

"రోజూ ఎలా చూసుకుంటారో అలాగే చూసుకోండమ్మా, నేను చూస్తాను" అంది.

అత్తయ్య కుర్చీ ఎక్కింది. నర్సమ్మ ఆమె ముఖం చూడలేదు, కాళ్ళు చూసింది.

"కాళ్ళు గాల్లో ఉన్నాయి. వీపు దేనికీ ఆనలేదు. చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది. ఇలా ఒళ్ళంతా బిగబట్టుకుంటే మిషను ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. ఎవరు కూర్చున్నా అంతే. భయపడితే ఇంకా ఎక్కువ."

"రెండోసారి బిగుస్తుంది కదా" అన్నాను, నాకు తెలియకుండానే కుర్చీ పక్షాన.

"మొదటిసారి కొట్టిన గాలి చాలకపోతే మళ్ళీ కొడుతుంది. దాని పనే అది."

గెలిచింది నేను. అయినా అత్తయ్య ముఖం చూశాక ఈవిడను ఎందుకు తీసుకొచ్చానా అనిపించింది. మామయ్య పోయిన రోజున కూడా ఆ ముఖం అంతలా పడిపోలేదు.

"అయితే అది కుర్చీ ఎత్తేనా" అంది అత్తయ్య. "ఆయన లేడన్నమాట."

"ఉన్నారో లేరో నాకు తెలీదమ్మా. నాకు తెలిసింది బీపీ. మీరు మాత్ర మానేసింది నిజం, అది నిజంగానే పెరిగిందీ నిజం. కుర్చీ మారుద్దామా?"

"మారను."

"సరే, కాళ్ళ కింద ఏదైనా పెట్టండి."

నేను చుట్టూ చూసి కుట్టుమిషను కిందున్న పీట లాగాను. దాని మీద పీలికల సంచి ఉండేది ఎప్పుడూ. సంచి తీసి, పీట తెచ్చి ఆమె పాదాల కింద పెట్టాను. అత్తయ్య కిందికి చూసి, చూస్తూనే ఉండిపోయింది.

"ఇది ఆయన చేసిందిరా" అంది. "పెళ్ళయిన కొత్తలో. నేను పొట్టిదాన్ని కదా, ఆయన గీసేది కనపడేది కాదు. దీని మీద నిలబడి చూసేదాన్ని. తర్వాత పని ఎక్కువై చూడటం మానేశాను."

నర్సమ్మ ఒక కర్టెను గుడ్డ చుట్టి గట్టు మీద చేతి కింద సర్దింది, భుజాలు పట్టుకుని వెనక్కి ఆనించింది. మామయ్య వీపు రాసుకుని చెక్క నున్నబడిన చోట అత్తయ్య వీపు ఆనింది. మళ్ళీ చూస్తే అంకె దిగింది. ఆమె ఏడ్చింది, గొంతెత్తి, మా ఇద్దరి ముందే. మాత్ర మాత్రం వేసుకోలేదు. చూద్దాంలే అంది.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి పీట మీద కాళ్ళు పెట్టుకుని, ఆనుకుని కూర్చుని ఉంది. గట్టు మీద ఒక మాత్ర, గ్లాసుతో నీళ్ళు. వేసుకుంటుందో లేదో నాకు తెలియదు. ఆమెకూ తెలియదనుకుంటాను. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

కుట్టుమిషను లేదు, మాట లేదు. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత కుర్చీ కిర్రుమంది. నేను బిగించిన మరలున్న కుర్చీ, నేను తొడిగిన రబ్బరున్న కుర్చీ. ఆ వెంటనే పెన్సిలు గీరుడు, సన్నగా, తీరిగ్గా, ఒక గీత చివరిదాకా గీసినట్టు. అత్తయ్య నా వంక చూసింది, నేను ఆమె వంక చూశాను.

మీట నొక్కింది. పట్టీ ఒక్కసారే బిగిసి, నెమ్మదిగా వదిలేసింది. ఆమె అంకె వైపు వంగి చూసింది, తర్వాత నా వైపు.

"విన్నావు కదరా" అంది.

"విన్నాను."

"ఉన్నాడు. అయినా తగ్గింది చూడు."

గ్లాసు అందుకుని మాత్ర వేసుకుంది.