మొగులయ్య తువాల

పురానాపూల్ మేస్త్రీ మొగులయ్య అరుగు మీద కూర్చుంటే భుజాన తెల్ల తువాల, నోట తన గొప్పలు ఉండాల్సిందే. "మా ఊరి బడిల నేర్చిన లెక్కలతోనే ఈ గల్లీల మేడలన్నీ లేపిన" అంటాడు. క్షయకు మందులు వాడుతున్న మనిషి, దగ్గు తగ్గగానే ఎర్ర మాత్ర మానేశాడు. మందులిచ్చే స్వరూప వచ్చి అడిగితే "రోజూ మింగుతున్న బిడ్డా" అని ఛాతీ విరిచాడు. ఆమె తువాల వంక చూసింది. "ఆ మాత్ర మింగితే చెమట గూడ నారింజ రంగైతది. మరి ఇది మల్లెపువ్వు లెక్కున్నదేంది బాపు? క్రిమి బతకాలంటే లోపల ఆర్‌ఎన్‌ఏ అని హుకుం చిట్టీలు రాసుకోవాలె. మాత్ర ఆ రాసే చెయ్యి పట్టుకుంటది. నడుమ నువ్వు వదిలితే మళ్ల రాస్తది. అప్పుడు మందుకు గూడ లొంగదు." మొగులయ్య మాత్ర చేతిలోకి తీసుకొని భార్య సుందరమ్మను నీళ్లు తెమ్మన్నాడు. వారం తిరిగాక సుందరమ్మ ఆ తువాల ఉతకబోతే చేతిలోంచి లాక్కున్నాడు.

"ఉండనీయ్, స్వరూప చూడాలె. నేను లేపిన ఏ మేడకూ ఇంత పక్కా రంగు పడలే."