పలకల షెడ్డులో బేస్ పెట్టె

మా అక్క మొగుడికి మార్కాపురంలో బడిపిల్లలు రాసే రాతిపలకల షెడ్డు ఉంది. లోకంలోని సమస్త శబ్దాలనూ ఆ బావ పలకతోనే తూస్తాడు. పలకను మెటికతో కొట్టి చెవి పెడతాడు. ఖంగుమంటే మంచిది, బద్దుమంటే పగులు. తన మెటిక దాటి పగిలిన పలక ఒక్కటి కూడా షెడ్డు బయటికి పోలేదని ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు. చర్చిలో నేను వాయించే బేస్ గిటారు ఆయన చెవికి బద్దుమంటుంది. ఆ లెక్కన నేనొక పగిలిన పలకను.

పోయిన క్రిస్మస్ ఆరాధనలో ఆయన కీబోర్డు వాయిస్తూనే, కాలి బొటనవేలితో నా గిటారు వైరు ఊడబీకినాడు. నేను కళ్లు మూసుకొని మూడు పాటలు వాయించినాను. నా వాద్యానికి నాకే కన్నీళ్లు కారినాయి. శబ్దం రావడం లేదని సంఘంలో ఒక్కరూ కనిపెట్టలేదు. నేనూ కనిపెట్టలేదనుకో, అది వేరే సంగతి. ప్రార్థన ముగిసినాక బావ ఆ వైరు కొస పైకెత్తి, పోయిన తాళంచెవుల గురించి చెప్పినట్టు మైకులో చెప్పినాడు.

“ఎవరిదో వైరు పడిపోయింది. వచ్చి తీసుకోండి.”

సంఘం నవ్వింది. మా పాస్టరు అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకొని నవ్వినాడు. మా అక్క, తోడబుట్టింది, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఆ నవ్వు ఇటు దోర్నాల చెక్‌పోస్టు దాకా, అటు కురిచేడు స్టేషను దాకా పోయిందని నా అంచనా. టీ బంకు కాడ నిలబడితే చాలు, వైరు పెట్టుకొనే వచ్చినావా అప్పా అని అడిగేవాళ్లు. నేను పళ్లు కొరికినాను. ఎంత కొరికినానంటే, ఒక దవడపన్ను అరిగి ఈ రోజుకీ చల్లనీళ్లు తాగలేను.

అంతటితో ఊరుకున్నాడా అంటే, లేదు. ఈస్టర్ కూటాలకు బేసు అక్కర్లేదు, కీబోర్డు మీద నా ఎడమచెయ్యే చాలు, వాడికి గిలకలు ఇయ్యండి అని అయ్యగారితో చెప్పినాడు. గిలకలంటే సండేస్కూలు పిల్లలు ఊపేవి. నాకు యాభై దాటింది. అయ్యగారు మధ్యేమార్గం చెప్పినాడు. శనివారం ప్రాక్టీసులో వాయించు, వినపడితే ఉంటావు, లేకపోతే గిలకలు.

వెంటనే విజయవాడ పోయి ఒక బుల్లి స్పీకరు పెట్టె తెచ్చుకున్నాను. లోపల ఉండేది ఒకటే స్పీకరు, మూతపెట్టిన అన్నం గిన్నెంత. బస్సులో ఒళ్లో పెట్టుకొని వస్తుంటే పక్కనామె కోడిపెట్టెనా అని అడిగింది. కాదమ్మా, పగ అన్నాను. ఆమె లేచి వెనక సీటుకు పోయింది.

ఇంట్లో దాన్ని మర్యాదగా స్టూలెక్కించి, నడింట్లో పెట్టి మీటినాను. బిందెలో పడిన దోమ మూలిగినట్టు ఉంది. నా కొంప మునిగిందనుకొని, కంటికి కనపడకుండా తీసుకుపోయి వంటింటి మూలన నేల మీద పడేసినాను. పోతూ పోతూ కసి కొద్దీ ఒక్కసారి లావు తీగ లాగినాను. మూలనున్న రెండు గోడలూ కలిసి ఆ మోతను మోసినాయి. స్టాండులో గిన్నెలు గజగజలాడినాయి, కుక్కరు విజిలు దానంతట అదే ఎగిరిపడింది. కంభం చెరువు కట్ట కదిలిందేమో విచారించలేదు. మా ఆవిడ వచ్చి చూసి, పడిన గిన్నెలన్నీ నువ్వే సర్దు అనింది. సంతోషంగా సర్దినాను. ఇంత చిన్న పెట్టెకు కావలసింది నేలా, మూలా, అంతే.

శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసు బావ షెడ్డులోనే. సాయంత్రం లారీకి ఎక్కించాల్సిన పలకలు వరసలుగా పేర్చి ఉన్నాయి. నా పెట్టెను చూసి బావ, మా బామ్మర్ది టిఫిన్ క్యారియరు తెచ్చుకున్నాడు అన్నాడు. నేను పెట్టె ఎత్తుకున్నాను. పోయి, ఆయన కుర్చీ వెనకాల, మొదటి వరస పక్కనుండే మూలన పెట్టినాను. ఆయన కుర్చీని వణికిద్దామన్నదే నా ఉద్దేశం. అంతకు మించి దేవుడు ఇస్తాడని నాకు తెలియదు.

పాట మొదలైంది. బావ కుర్చీ వణికింది, ఆయన బుగ్గలు వణికినాయి. అయ్యగారు తల ఊపినాడు. రెండో చరణంలో ఒక స్వరం మీద నిలబడినాను. పలకల వరసలో నుంచి జుయ్యిమని ఒక శబ్దం వచ్చింది.

బావ చేతులు ఆగిపోయినాయి. అది పగులు మోత అని ఆ చెవికి తెలుసు. లేచి వరస కాడికి పోయి ఒక్కో పలకా మెటికతో కొట్టినాడు, అన్నీ ఖంగుమన్నాయి. నేను మళ్లీ అదే స్వరం మీటినాను. జుయ్యి. వరస విప్పి చూస్తే, చెక్క చట్రం కింద వెంట్రుకంత పగులు. ఒకటి కాదు, ముప్పై. మూడేనని అక్క అంటుంది. అక్క లెక్కలు నేను నమ్మను.

టీ ఇయ్యను వచ్చిన అక్కే అనింది, “నీ మెటికకు చెవుడొచ్చిందేమయ్యా.”

ఈసారి అయ్యగారికి అడ్డం పెట్టుకోను బైబిలు అందలేదు.

బేసు వినపడింది, కూటాలకు నువ్వు ఉంటావు అని అయ్యగారు చెప్పినాడు. అక్కడితో ఆపితే నేను మంచివాణ్ణి అయ్యుండేవాణ్ణి. కానీ ఇంకా పదో పదకొండో వరసలు మిగిలినాయి, లారీ దారిలో ఉంది. బావ గొంతు తగ్గించి, “బామ్మర్దీ, ఆ స్వరం ఇంకోసారి కొట్టు” అన్నాడు.

పెట్టెను రెండో వరసా గోడా కలిసే మూలకు జరిపి, బొటనవేలితో వైరు ఊడబీకినాను. కళ్లు మూసుకొని భక్తిగా మీటినాను. ఆయన పలకలకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. ఏమీ లేదే అన్నాడు.

“ఎవరిదో వైరు పడిపోయింది బావా. వచ్చి తీసుకో.”

బావ నన్ను చూసినాడు, గేటు వైపు చూసినాడు. ఆ తర్వాత పంచె ఎగగట్టి, మోకాళ్ల మీద కూర్చొని, వైరు కొస వెతికి, తన చేత్తోనే పెట్టినాడు.

లారీ వచ్చేలోపల ప్రతి వరస కాడా నా వైరు ఊడింది.