నంబర్లు పోయిన రాళ్లు

తాండూరు బండల గనుల నుంచి తప్పించుకోవడానికే నేను చదువుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేం సిగ్గు లేదు. నాయిన గనిలో పొరలు విప్పేవాడు, విప్పిన బండలు చెక్కేవాడు. మా ఇంట్లో అన్నంలోనూ రాతిదుమ్మే, పక్క దులిపితే రాతిదుమ్మే. లెక్కలు మొదట ఉర్దూలో నేర్చుకుని, నిజాం పాలన పోయాక అవే తెలుగులో నేర్చుకుని, కాలేజీలో ఇంగ్లీషులో ముచ్చటగా మూడోసారి నేర్చుకుని, పడుతూ లేస్తూ బీయెస్సీ అయిందనిపించాను. వికారాబాద్‌లో సైన్సు మాస్టరుగా చేరాను. కొన్నేళ్లు చేశాక రెండేళ్ల సెలవు పెట్టి, హైదరాబాదులో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీకి వెళ్లాను. ఏ సముద్రపు ఒడ్డు రాళ్ల మీదో పరిశోధన చేస్తానని నా కల.

ప్రొఫెసరుగారు నా దరఖాస్తు చూసి చల్లగా, "మీది తాండూరు కదయ్యా. ఇంకేం, తాండూరు సున్నపురాయి మీదే చెయ్యి" అన్నారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎక్కడి నుంచి పారిపోయి వచ్చానో, చేతికి సుత్తె ఇచ్చి మళ్లీ అక్కడికే తోలారు. అదీ నాయిన పనిచేసే గుంతల్లోకే.

రెండేళ్లు ప్రతి శనివారం రైలెక్కి తాండూరు, సోమవారం మళ్లీ హైదరాబాదు. వికారాబాద్‌లో ఇంజను నీళ్లు పట్టుకుంటున్నంతసేపూ నేను కిటికీ వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి, మా బడివాళ్లెవరైనా కనబడి "ఎంతవరకొచ్చింది?" అని అడుగుతారని భయం. ఎంతవరకూ రాలేదు. రాసిన అధ్యాయం ప్రొఫెసరుగారు ఎర్రసిరాతో తిప్పి పంపేవారు. దిద్ది ఇస్తే, మొదట రాసిందే బాగుందనేవారు. రాళ్లు కోసే మిషను నెలకు ఒక వారమే నా వంతు. హెడ్మాస్టరు ఉత్తరం రాశారు: జూన్‌లో బడి తెరిచేనాటికి డిగ్రీతో వచ్చి చేరితే సరి, లేకుంటే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. అటు ఉద్యోగం పోయి, ఇటు డిగ్రీ రాకపోతే నాకు మిగిలేది నాయిన పక్కన ఇంకో ఉలి. ఆ ఉత్తరం వచ్చాక సరిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు లేదు.

ఎట్టకేలకు వేసవిలో థీసిస్ టైపయింది. వైవా పరీక్ష తేదీ ఖాయమైంది. పరీక్ష చేయడానికి బయటి నుంచి వచ్చే పెద్దాయన, నేను సేకరించిన రాళ్లన్నీ కళ్లారా చూస్తానన్నాడట. అవి తాండూరులో మా ఇంటి అరుగు మీద గోనెసంచుల్లో ఉన్నాయి. ఒక్కో రాయి మీద తెల్లరంగుతో నంబరు, ఏ వైపు పైకి ఉండేదో తెలిపే బాణం గుర్తు వేసి పెట్టాను. ఏ నంబరు ఏ గుంతలో ఎన్నో పొరదో నా నోటుబుక్కులో ఉంది. నంబరు లేకపోతే రాయి ఉత్త రాయే.

వైవాకు నాలుగు రోజుల ముందు పొద్దున్నే ఇంటికి వెళ్లాను. అరుగు మీద సంచులు లేవు. నలభైకి పైగా రాళ్లు, అన్నీ ఒకే కొలతకు చెక్కి, అంచులు తీర్చి, ఇసుకా నీళ్లూ పోసి నున్నగా రుద్దినవి, వరసగా పేర్చి ఉన్నాయి. పక్కన నాయిన నవ్వుతూ నిలబడ్డాడు.

"నెంబర్లేవే నాయినా?" అన్నాను.

"గా తెల్లరంగు మరకలా? అన్ని పోగొట్టిన. గట్ల మొరటు రాళ్లు పెద్దసార్ల ముంగట పెడ్తరారా? తాండూరోళ్లకు చెక్కుడు రాదనుకోరూ? పది దినాలు గనికి గూడ పోలే."

మా వాళ్లలో చెక్కని రాయి గడప దాటించడం నామోషీ. నాకు తెలుసు. తెలిసీ ఆ రాళ్లు ముట్టుకోవద్దని ఒక్క మాట చెప్పి పోలేదు. అయినా తప్పంతా ఆయన మీదే వేశాను. "నీకు రాళ్లు చెక్కుడు తప్ప ఏం తెల్వదు. నా బతుకు ఆగం జేసినవ్" అన్నాను. ఇరుగుపొరుగు వినేలా అన్నాను.

ఆయన చెంబుతో నీళ్లు తెచ్చుకుని రాళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "యే రాయి యాడిదో తెల్వాలె, గంతేనా?"

"గంతే."

"అయితే రాస్కో."

ఒక్కో రాయినీ తడిపి, నీళ్లు ఇంకేదాకా అంచు వైపే చూసేవాడు. పొరను బట్టి నీళ్లు ఇంకే తీరు మారుతుందట: కొన్ని అంచుల్లో తడి సన్నటి గీతల్లా నిలుస్తుంది, కొన్నిట్లో ఒక్కసారిగా ఆరిపోతుంది. గుంత చెప్పాడు, పొర చెప్పాడు, ఏ వైపు పైదో చెప్పాడు. నమ్మకం లేకుండానే రాసుకున్నాను. హైదరాబాదులో మా డిపార్టుమెంటులో ఆ రాళ్ల నుంచే అంతకుముందు కోసి, నంబరు చీటీలు అంటించి పెట్టిన పల్చటి ముక్కలున్నాయి. వాటితో మైక్రోస్కోపు కింద పోల్చి చూశాను. రెండు తప్ప అన్నీ కలిశాయి. ఆ రెండిటికీ చీటీలు తారుమారుగా అంటించింది నేనే.

వైవాలో పెద్దాయన రాళ్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత నునుపు చేశావు, గుర్తులన్నీ పోయాయి. ఏది ఏ పొరదో ఎలా చెప్పగలవు?" అన్నాడు. నేను గ్లాసులో నీళ్లు అడిగి తెప్పించాను. ఒక రాయిని తడిపి అంచు చూపించాను, మరొకటి తడిపి తేడా చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి వంగి చూశాడు.

"ఇది ఏ పుస్తకంలోనూ లేదే. ఎక్కడ నేర్చుకున్నావు?"

చెక్కింది మా నాయిన అంటే రాళ్లు పాడుచేశావని థీసిస్ కొట్టేస్తారేమోనని భయమేసింది. భయం ఒక్కటే కాదు, ఆ గదిలో ఆయన పేరెత్తడానికి నాకు నామోషీ అయింది. "ఫీల్డులో నేనే గమనించాను సార్" అన్నాను.

ప్రొఫెసరుగారు మొదటిసారి నన్ను చూసి నవ్వారు. ఆ సంగతి ఒక పేరాగా చేర్చి బైండు చేయించమన్నారు. చేర్చాను. జూన్‌లో బడి తెరిచే ముందు ఒక ప్రతి తీసుకుని ఇంటికి వెళ్లాను. నాయిన చేతులు కడుక్కుని వచ్చి, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని అట్టను నిమిరాడు.

"ఇందుల నా ముచ్చటేమన్న రాసినవ్‌రా?"

"రాసిన" అన్నాను.

"యాడ?"

ఆ పేరా తీసి చూపించాను. ఆయన దాని మీద వేలు ఆనించి, "జర సదువు" అన్నాడు. 'రచయిత గమనించినదేమనగా' అని ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని, 'మా నాయిన నాకు చెప్పినదేమనగా' అని తెలుగులో చదివాను. మధ్యలో రెండు చోట్ల తడబడ్డాను. ఆయన తల దించుకుని విన్నాడు, తువ్వాలతో కళ్లు తుడుచుకుని అమ్మను పిలిచాడు. అమ్మ వచ్చి పక్కన కూర్చున్నాక, "మల్లోసారి సదువు" అన్నాడు.

ఈసారి ఎక్కడా తడబడలేదు.