పెద్ద కంపెనీ మడి

నిన్న ఐసు ఫ్యాక్టరీ ఆయన, తన లెక్కలు చూసిపెట్టినందుకని ఒక వంజరం చేప తెచ్చి నా బల్ల పక్కన పెట్టి వెళ్లాడు. శ్రీకాకుళంలోని ఈ చిన్న ఆఫీసు గదికి యజమానినీ నేనే, గుమస్తానూ నేనే కాబట్టి పుచ్చుకోవచ్చా అని ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. కానీ ఆ చేపను చూస్తుంటే, పదేళ్ల కిందట విశాఖపట్నంలో ఒక పెద్ద ఆడిట్ కంపెనీలో వెలగబెట్టిన ఉద్యోగం గుర్తొచ్చి మళ్లీ ఒళ్లు మండింది.

ఆ ఉద్యోగమంటే అప్పట్లో చుట్టాలందరికీ గొప్పే గాని, పేరు గొప్ప ఊరు దిబ్బ అని చేసినవాళ్లకే తెలుసు. మార్చి వస్తే ఇల్లు మరిచిపోవాలి. మనం ముగించిన పనిని పైవాడు చూసి, ఆ పైవాడు చూసి మళ్లీ మొదటికి తెచ్చేవారు, చివరికి సంతకం మాత్రం మనం మొహమైనా చూడని పెద్దాయనది. అదంతా భరించాను గాని, వాళ్ల మడి మాత్రం భరించలేకపోయాను. ఆడిట్ చేసే కంపెనీ వాళ్ల దగ్గర, దానికి సరుకు వేసేవాళ్ల దగ్గర మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు.

ఒక ఏప్రిల్‌లో నన్ను మా అమ్మ పుట్టిన ఊరి పక్కనున్న రొయ్యల కంపెనీకే పంపారు. మా మేనమామ వేటాడి తెచ్చిన రొయ్యలు అక్కడే వేస్తాడని ముందే చెప్పాను, వేరేవాళ్లను పంపుతారని ఆశపడ్డాను. మనుషులు చాలరన్నారు, ఆయన దగ్గర ఏదీ పుచ్చుకోనని మాత్రం రాయించుకున్నారు.

మేనకోడలు వచ్చిందని తెలిసి మావయ్య, అత్త వండిన చేపల పులుసు క్యారియర్లో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. పక్కనే మా సీనియర్ నిలబడి ఉన్నాడు. మా ఆఫీసు ఒప్పుకోదు మావయ్యా అన్నాను.

"ఏటే గుంటా, పొద్దున్న నా వలకి పడ్డ సేప ఇది. కంపెనీదేటి?" అన్నాడు. "మీ ఆపీసోలకి మేనమావలుండరేటి?" అని, క్యారియర్ పట్టుకుని ఎండలో వెనక్కి నడిచాడు. ఆ పూట డబ్బాలో వచ్చిన చల్లారిన ఫ్రైడ్ రైస్ కోపంతో అలాగే పారేశాను.

తరువాత వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా పలకరింపులకూ కబుర్లకూ లోటుండేది కాదు గాని, "నీకు కుదురుతాదో నేదో" అంటూ చేప మాత్రం అత్తను పెట్టనిచ్చేవాడు కాదు. ఉద్యోగం మానేసిన మర్నాడే బస్సెక్కి తిన్నగా వాళ్లింటికి వెళ్లి, ఇప్పుడు తింటాను పెట్టమన్నాను. ఆయన నవ్వాడు. అప్పటికే మోకాళ్లు అరిగి వేటకు వెళ్లడం మానేశాడట. అత్త కోడిగుడ్ల కూర వడ్డించింది.

మన చిన్నప్పుడు మేనమామ తెచ్చిన చేపకు చుట్టరికం తప్ప ఇంకో లెక్క ఉండేది కాదు. ఇప్పుడు మావయ్యా లేడు. నిన్నటి వంజరం పులుసు బాగానే కుదిరింది, ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆ రోజు క్యారియర్లో ఉన్నది ఏ చేపో అడగనైనా లేదే అనుకుంటూ తిన్నాను.