రంగు పడని రెండు అతుకులు

పొద్దున్నే ఫోను మోగింది. తెర మీద అత్త పేరు. అత్త అంటే మా నాయన చెల్లెలు, ఆత్మకూరులో ఉంటుంది. ఉండేది. ఫోను ఎత్తడంతోనే "అత్తా, బోర్డు చూసినావా? ఎన్ని తప్పులు?" అని నవ్వుతూ అడిగేశాను. అవతల మామ గొంతు. "అబ్బయా, మీ అత్త చనిపోయిందిరా" అన్నాడు. నేను ఏడవలేదు. వాదించాను. "నిన్న సాయంత్రం నాతో మాట్లాడింది గదా మామా" అన్నాను. సాయంత్రం మాట్లాడిన మనిషికి పొద్దున చనిపోయే హక్కు లేనట్టు! ఇప్పటికీ నాకు అలాగే అనిపిస్తోంది, ఏం చెయ్యను.

ఉదయగిరిలో నాది రిపేరు అంగడి. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు, టార్చిలైట్లు, మైకుసెట్లు వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో వోల్టేజి కావాలి. నాబ్ తిప్పితే కావలసినన్ని వోల్టులు వచ్చే పవర్ సప్లై ఒకటి కొందామని అత్తతో అన్నాను. కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి, ఊరుకుంటుందా? "కొనేదేందిరా, కడదాం" అంది.

"నీకేం కావాలో ముందు చెప్పు. గీసేది తర్వాత" అంది. సున్నా నుంచి ముప్పై వోల్టులు, పది ఆంపియర్లు అన్నాను, అడగడానికేం పోయింది అని. "నీ అంగడికొచ్చే సామాన్లో ముప్పై వోల్టులది ఏది ఉండాదో చూపించు" అంది. పదిహేను వోల్టులు, ఒక ఆంపియర్ దగ్గర తెగ్గొట్టింది. ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, ఒక పెద్ద కెపాసిటరు, మూడు కాళ్ళ రెగ్యులేటరు, తిప్పే నాబ్, ఇంకో నాలుగు చిల్లర సామాన్లు. కనీసం ట్రాన్స్‌ఫార్మరైనా పెద్దది వేద్దామని పట్టుబట్టాను. "వాడుకోనిదంతా వేడైపోద్దిరా. పెద్దది పెట్టుకుంటే నీ అంగట్లో దోసెలు పోసుకోవచ్చు" అంది. ఉన్న వేడినైనా పీల్చుకోవడానికి రెగ్యులేటరు వెనక బిగించమని మందపాటి అల్యూమినియం రేకు ఒకటి పంపింది. అది వాళ్ళింటి తపేలా మీది మూత అని మామ ఫోను చేసి తిడితే తెలిసింది.

అత్తకు ఒక పట్టుదల ఉండేది. "కట్టినోళ్ళు చూసుకోగూడదు. మన తప్పు మన కంటికి ఆనదు" అనేది. అందుకని నేను ఉదయగిరిలో సామాన్లన్నీ ఒక బోర్డు మీద టంకంతో అతికి, దాన్ని అట్టపెట్టెలో పెట్టి ఆత్మకూరు బస్సు కండక్టరుకు ఇచ్చేవాణ్ణి. మామ కూడా ఒకప్పుడు కండక్టరే కాబట్టి వాళ్ళు కాదనేవాళ్ళు కాదు. అత్త భూతద్దం పెట్టుకుని అతుకు అతుకూ చూసి, బాగున్నదాని పక్కన గోళ్ళ రంగుతో ఎర్రచుక్క పెట్టేది. తప్పున్న చోట పెట్టదు. తప్పేమిటో చెప్పదు. "రంగు లేనికాడ నువ్వే ఎతుక్కో" అంటుంది. ఎంత కోపం వచ్చేదో నాకు!

చర్చికి వెళ్ళేటప్పుడు కూడా పౌడరు రాసుకోని మనిషి ఫ్యాన్సీ షాపులో ఎర్ర గోళ్ళ రంగు అడిగితే, షాపమ్మాయి ముసిముసిగా నవ్విందట. "ఎవురి పెళ్ళి పెద్దమ్మా?" అందట. "మా మేనల్లుడి డయోడ్లకు" అని చెప్పి వచ్చిందట మా అత్త.

ఫోను వచ్చిన రోజు నేను ఆత్మకూరు చేరేసరికి ఇంటి నిండా జనం. అత్త తెల్లవారుజామునే లేచి కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుందట. మామ పాలకు వెళ్ళి వచ్చేసరికి బల్ల మీద తల వాల్చి ఉందట. గుండె. అంతే చెప్పారు. ఆ బల్ల మీద నా బోర్డు. దాన్నిండా ఎర్రచుక్కలు. పెద్ద కెపాసిటరు రెండు కాళ్ళ దగ్గర మాత్రం ఏమీ లేదు. గోళ్ళ రంగు సీసా పక్కనే ఉంది, మూత తీసి.

ఒకటి చెబుతాను, నవ్వకండి. ఆ కెపాసిటరు తిరగేసి పెట్టి ఉండాలని దేవుణ్ణి వేడుకున్నాను. అది తిరగబడితే పేలుతుంది, అంత పెద్ద తప్పు. అయినా అదే కావాలనుకున్నాను. తప్పైతే, అత్త అంతా చూసేసిందన్నమాట. పని ముగించి, నా తెలివికి నవ్వుకుని, ఆ తర్వాతే పోయిందన్నమాట. బోర్డు ఎత్తి వెలుగులో పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది. మళ్ళీ మళ్ళీ చూశాను. సరిగ్గానే ఉంది. నా పనిలో ఏదో ఒక తప్పు లేని రోజు లేదే, ఆ రోజే ఎందుకు లేకపోయింది? మా అత్త ఆ రెండు అతుకుల దాకా రాలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

సమాధుల తోట నుంచి వచ్చి, అందరూ వెళ్ళిపోయాక, బోర్డు సంచిలో పెట్టుకుంటుంటే మామ అడ్డం వచ్చాడు.

"అది పూర్తిగా చూసిందా మీ అత్త?"

"రెండు మిగిలినాయి మామా. బాగానే ఉండాయి, నేను చూసుకున్నాను."

"కట్టినోడివి నువ్వు చూసుకునేదేందిరా?" అన్నాడు కోపంగా. ఇన్నాళ్ళూ తపేలా మూత పోయిందని తిట్టిన మనిషి, భూతద్దం తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. కెపాసిటరు పక్కన వేలు పెట్టి, "ఈ తెల్లగీత ఏంది?" అన్నాడు.

"అది ఉండేవైపు మైనస్."

"మీ అత్త గీసిన కాయితంలో మైనస్ ఎటు ఉండాది?"

"నువ్వే చూడు మామా. నేను చెప్పకూడదు."

కాగితం చూశాడు, బోర్డు చూశాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. సీసాలో రంగు ఎండిపోయింది. ఎవరినీ పంపకుండా తనే ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి కొత్త సీసా తెచ్చాడు. గులాబీ రంగు. "ఎరుపులో ఇన్ని రకాలు ఉంటాయని నాకేం తెలుసురా" అన్నాడు. రెండు అతుకుల పక్కనా చుక్కలు పెట్టాడు, అలవాటు లేక పెద్దవయ్యాయి.

ఆ పవర్ సప్లై ఇప్పుడు నా అంగట్లో పని చేస్తోంది. పెట్టె మూత ఇంకా బిగించలేదు. వంగి చూస్తే లోపల వరసగా చిన్న చిన్న ఎర్రచుక్కలు, అవి ఆగిపోయిన చోట రెండు పెద్ద గులాబీ చుక్కలు.