పసుపు గుడ్డ చుట్టిన దీపం

మా అక్క పోయింది. సొంత అక్క కాదు, తోడికోడలు, మా ఆయన అన్న భార్య. ఆ కబురు వచ్చేసరికి నేను పావగడ బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ షాపులో ఉన్నాను. వెలగడం మానేసిన ఎల్‌ఈడీ బల్బును గ్యారంటీ కింద మార్చమని షాపాయనతో వాదిస్తుంటే ఫోను మోగింది. అక్క కొడుకు. "చిన్నమ్మా, అమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి పండుకునింది, మళ్ళా లేయలే" అన్నాడు. షాపాయన కొత్త బల్బును హోల్డరులో పెట్టి వెలిగించి "చూడమ్మా, బాగుండాది కదా" అంటున్నాడు. బాగుందన్నట్టు తలూపాను. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ముందు కోపమే వచ్చింది. నాతో తేల్చుకోవాల్సింది తేల్చుకోకుండా వెళ్ళిపోయిందే మహాతల్లి, అనుకున్నాను.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచి చాలా ఉంది, రాస్తాను. కానీ ఆమె నాకు చేసినదాన్ని మింగేసి రాస్తే, ఈ రాత నేర్పిన ఆమెకే అది నచ్చదు.

అవును, ఈ తెలుగు అక్షరాలు ఆమె పెట్టిన భిక్షే. మాది కర్ణాటక వైపు కాబట్టి నేను కన్నడ బడిలో చదివినదాన్ని. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం, రాయడం రాదు. ఆమె సరిహద్దు అవతల మడకశిర వైపు పల్లె నుంచి వచ్చింది. కొత్త కోడలిగా అడుగుపెట్టిన నన్ను, సాయంత్రం వంటయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, కరెంటు లేని పూట కిరోసిన్ బుడ్డీ వెలుతురులో నేల మీద సుద్దముక్కతో దిద్దించేది. ఆ పొగకు ఇద్దరి ముక్కులూ మసిబారేవి. నేను రాసిన "ఖ" చూసి, "ఇదేందమ్మీ, గొర్రె పండుకున్నట్టుండాది" అని పడీ పడీ నవ్వేది. నా ముఖం చిన్నబోతే మళ్ళీ తనే, "వంకరైతే ఏమిలే, చదివేటోళ్ళకు తెలిస్తే సాలు" అనేది.

సందెవేళ ఇంట్లో ఏ దీపం వెలిగినా దండం పెట్టుకోవడం ఆమె అలవాటు. స్విచ్చి వేసి బల్బు వైపు చూసి రెండు చేతులూ జోడించేది. "బల్బుకు దండమేందక్కా?" అని ఆటపట్టిస్తే, "వెలుగు యాడినుంచి వస్తే ఏమమ్మీ? వెలుగే కదా" అనేది. ఆ అలవాటు నాకూ అంటింది. ఆమె మీద మండిపడుతున్న రోజుల్లో కూడా మానలేకపోయాను.

బావ చిన్న వయసులోనే పోయాడు. మా ఆయన ఆటో తోలుకునేవాడు. అందుకని రెండు చేన్లూ ఆడవాళ్ళం మేమిద్దరమే చూసుకునేవాళ్ళం. రోడ్డు పక్కన ఆమె చేను, దాని వెనక నాది. నడుమ ఒక గట్టు. నా చేన్లోకి బండి పోవాలన్నా, గొర్రె పోవాలన్నా ఆమె చేనులోంచే దారి. వాన పడితే శనక్కాయ, లేకపోతే మేత. మా ఇళ్ళలో మనిషి పోతే సొంత చేన్లోనే మట్టి చేస్తారు. అత్తామామల్నీ, బావనీ ఆ గట్టు పక్కనే పెట్టాం. పని చేసి అలిసినప్పుడు అక్క అక్కడే కూర్చుని నీళ్ళు తాగేది. "ఇంగో మనిషికి జాగా ఉండాదిలే" అని నవ్వేది.

చేన్లు గుత్తకు తీసుకుని కరెంటు పలకలు పరుస్తారని సోలార్ పార్కు మాట వచ్చినప్పుడు ఊరు ఊరంతా ఉడికిపోయింది. ఇచ్చేవాళ్ళు ఇస్తామన్నారు, వద్దనేవాళ్ళు వద్దన్నారు. గుత్త అంటే ఏడాదో రెండేళ్ళో కాదు, మా ఆయుష్షు దాటిపోయే గుత్త. నాకు భయమేసింది. ఒక రోజు కలుపు తీస్తూ అడిగేశాను. "అక్కా, నువ్వు ఇస్తే నాకు దారే ఉండదు. ఇయ్యవు కదా?" ఆమె కొడవలి కింద పెట్టి, నా చేతిలో చెయ్యేసింది. "నీకు చెప్పకుండా నేను ఏ పనన్నా చేసినానా అమ్మీ? ఇద్దరమూ ఇస్తే ఇద్దాము, లేకుంటే ఇద్దరమూ లేదు" అంది. ఆ మాటతో నేను గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయాను.

ఆ రోజుల్లో భూములు కుదిర్చే మధ్యవర్తి ఒకాయన ఊళ్ళో తిరిగేవాడు. ఒప్పుకున్న ప్రతి ఇంటికీ తన తరఫున కానుకగా సోలార్ దీపాల సెట్టు ఇచ్చేవాడు. ఇంటి మీదికి ఒక పలక, లోపలికి బ్యాటరీ పెట్టె, మూడు ఎల్‌ఈడీ బల్బులు. మా ఊళ్ళో అప్పటికి ఇంకా అందరివీ పాత పసుపు బల్బులే. దాంతో ఏమైందంటే, ఎవరు సంతకం పెట్టారో అడగాల్సిన పనే లేకుండా పోయింది. సందెవేళ వీధిలో నిలబడి కిటికీలు చూస్తే చాలు. "వాళ్ళింట్లో తెల్లదీపం పడిందంటప్పా" అని ఒకరి చెవి ఒకరు కొరుక్కునేవాళ్ళు. నేనూ అక్కా అరుగు మీద కూర్చుని ఆ తెల్ల కిటికీలను చూస్తూ ముక్కు మీద వేలేసుకునేవాళ్ళం. ఆమె నాకంటే గట్టిగా తిట్టేది కూడా.

నేను తిరునాళ్ళకు పుట్టింటికి పోయొచ్చాను. వచ్చాక ఏ తేడా కనిపించలేదు. అక్క కిటికీ ఎప్పటిలాగే పసుపు పచ్చగా వెలుగుతోంది. ఆమె ఎప్పటిలాగే మా ఇళ్ళ నడుమ గోడ మీదుగా గిన్నెలో పులుసు అందించింది. నేను తాగాను. బాగుందన్నాను.

తర్వాత ఒక సాయంత్రం, అన్నాలు తినే వేళ, ఊరంతటికీ కరెంటు పోయింది. బుడ్డీ వెతుక్కుంటూ వాకిట్లోకి వచ్చాను. వీధి అంతా చీకటి. అక్కడక్కడా ఒప్పుకున్న ఇళ్ళలో తెల్ల వెలుగు. మా అక్క కిటికీలో మాత్రం బుడ్డీలా ఊగని, నిలకడైన పసుపు వెలుగు. నేను అట్లాగే నిలబడిపోయాను. కరెంటు లేకుండా పసుపు బల్బు ఎట్లా వెలుగుతుంది?

తలుపు తోసుకుని లోపలికి పోయాను. అక్క పొయ్యి దగ్గర ఉంది. నెత్తి మీద ఎల్‌ఈడీ బల్బు, దానికి పసుపులో ముంచి ఆరబెట్టిన పాత పంచె ముక్క చుట్టి, దారంతో కట్టి ఉంది. పాత బల్బయితే ఆ గుడ్డ మాడి కంపు కొట్టేది. ఇది వేడెక్కదు కాబట్టి ఆమె ఆట సాగింది. నా కళ్ళుగప్పడానికి రంగు గురించి అంత ఆలోచించిన మనిషి, కరెంటు పోతే తన దీపం ఆరదన్న సంగతి మరిచిపోయింది. పలక ఇంటి మీద పెడితే నాకు కనిపిస్తుందని వెనక గొర్రెల దొడ్డి కప్పు మీద పెట్టించిందట. అదీ తర్వాత తెలిసింది.

"ఇదేందక్కా?" అన్నాను.

అక్క పొయ్యిలో కట్టె ఎగదోసింది. "మా తమ్ముడు తెచ్చిచ్చినాడమ్మీ" అంది. ఆ గుడ్డ వైపే చూస్తున్న నన్ను చూసి, ఇంక ఆ మాట మీద నిలబడలేకపోయింది. "ఇచ్చేసినాను" అంది.

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను కాదనలేను. అందుకే చెప్పలే. వానలు లేవు, నా చేతుల్లో బలం లేదు. పిల్లోని చదువుండాది. ఏం చేయమంటావు నన్ను?"

మీరే చెప్పండి, దీనికి ఏమనాలి? నా మీద ప్రేమ ఉంది కాబట్టి మోసం చేశానంటే ఆ ప్రేమను ఏం చేసుకోవాలి? ఊళ్ళో ఎవరు చేసినా నా కడుపు ఇంతగా మండేది కాదు. ఇచ్చినందుకు కాదు నా బాధ. చేతిలో చెయ్యేసిన మనిషి, పక్కన కూర్చుని తెల్ల కిటికీలను తిట్టిన మనిషి, తడిగుడ్డతో నా గొంతు కోసింది.

తర్వాత జరిగింది ఊహించగలరు. ఆమె చేను చుట్టూ కంచె పడింది. గట్టు పక్కనున్న సమాధులు కూడా లోపలికే పోయాయి. మిగిలిన పక్కల చేన్లవాళ్ళు అప్పటికే ఇచ్చేశారు. నా చేనుకు దారి లేదు. విత్తనం నెత్తిన పెట్టుకుని ఎగిరి పోలేను కదా. ఒక పంట బీడు పెట్టి, ఇంక గత్యంతరం లేక నేనూ గుత్తకు ఒప్పుకున్నాను. ఆమె నేర్పిన తెలుగులో సంతకం పెట్టబుద్ధి కాలేదు, కన్నడంలో పెట్టాను.

మాకూ దీపాల సెట్టు వచ్చింది. నేను దాన్ని అటక మీదికి విసిరేశాను. మా ఆయన కొన్నాళ్ళు ఊరుకుని, "కోపం మీ అక్క మీద కదే, చీకటి నాకెందుకు?" అని దింపి బిగించుకున్నాడు. మంచి వెలుగే. కాదనను. బుడ్డీ కింద అక్షరాలు దిద్దిన కళ్ళకు ఆ తెల్లటి వెలుగులో మొదటిసారి పుస్తకం చదివినప్పుడు, అక్కకు చూపించాలనిపించింది. చూపించలేదు.

ఆ తర్వాత గోడకు అటూ ఇటూ బతికాం. పండక్కి గిన్నెలు వచ్చేవి, పోయేవి. మాటలు మాత్రం అవసరానికే. పొద్దున్నే ఆమె నిచ్చెనెక్కి, ఇంక దాచే పని లేక దొడ్డి నుంచి ఇంటి మీదికి మార్పించుకున్న సోలార్ పలక మీద దుమ్ము కొంగుతో తుడుచుకోవడం మా పెరట్లోంచి కనిపించేది. ఒకసారి నా పలక కూడా తుడిచి పెట్టింది. నేను చూశానని ఆమెకు తెలుసు. చివరి ఏడాది ఆమెకు మతి తప్పింది. మనుషుల్ని గుర్తుపట్టేది గానీ, జరిగినవి ముందూ వెనకా అయిపోయేవి.

పావగడ నుంచి ఇంటికొచ్చేసరికి అక్కను వాకిట్లో పడుకోబెట్టారు. కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. "చిన్నమ్మా, పోయిన వారమంతా ఒకటే మాట. 'నన్ను మీ చిన్నమ్మ చేన్లో పెట్టండప్పా. నాది నేను ఇచ్చేస్తిని. అది ఇచ్చుండదు, మాట మీద నిలబడే మనిషి' అంటా ఉన్నింది. లేదమ్మా, చిన్నమ్మ కూడా ఇచ్చేసినాదంటే నమ్మనే లేదు" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. నన్ను మోసం చేసిన మనిషి చివరికి నా మాటను నమ్ముకుని పోయింది. ఆ మాట నిలబడకుండా చేసింది కూడా ఆమే. ఆమె మీద కోపం పోయిందా అని అడగకండి, పోలేదు.

వంక పక్కనున్న ఊరి శ్మశానానికి తీసుకుపోయాం. దారి కంచె వెంబడే. ఒకప్పుడు మా చేన్లోకి బండి తిరిగే మలుపు దగ్గర పాడె దించారు. మోసుకుపోతున్న మనిషిని దారి మధ్యలో దించి, ఒకవేళ పలుకుతారేమోనన్న ఆశతో చెవిలో పిలవడం మా వాడుక. కంచె లోపల పలకలన్నీ ఒకే వైపు తల తిప్పి ఎండ తాగుతున్నాయి. కొడుకు వంగి "అమ్మా" అని పిలిచాడు. పెద్దవాళ్ళు నన్ను కూడా పిలవమన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చెవి దగ్గర నోరు పెట్టాను.

"నా చేనూ లేదక్కా" అన్నాను.

వాడుక ప్రకారం అందరూ కాసేపు ఆగారు. తర్వాత పాడె లేపారు.