స్టిక్కర్ తీయని గ్లాసు

తమిళనాట పుదూరు పక్క నల్లరేగడిలో మిరప పండించే తిరుపతిసామి మహా మర్యాదస్తుడని ఊళ్లో పేరు. ఆ మర్యాద అందరికీ ఒకటే కాదు. ఇంటి గ్లాసు ముట్టుకోకూడదని ఆయన అనుకున్నవాళ్ల కోసం వంటింటి అరలో పేపర్ కప్పుల కట్ట ఒకటి ఉండేది. తాగి పారేస్తే సరి, ఎవరినీ ఏమీ అన్నట్టూ ఉండదు.

కోజో మాస్టరుకూ టీ ఆ కప్పులోనే పోశాడు. ఘానాలోని ఒక జాలరి ఊరి నుంచి జాతీయ బెల్టు గెలిచిన మొదటి బాక్సర్ ఆయన. కంటికి దెబ్బ తగిలి ఆట ఆగిపోయాక విరుదునగర్‌లో ఒక కాలేజీకి కోచ్‌గా వచ్చాడు. ఇక్కడే జుట్టు నెరిసింది. ఈ చుట్టుపక్కల ఆడపిల్లల చేతికి గ్లౌజులు తొడిగింది ఆయనే మొదలు. తిరుపతిసామి కూతురు సంగవి రాష్ట్ర పతకం గెలిచినప్పుడు, ఆ సంతోషం పంచుకుందామని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తిరుపతిసామి ఊరంతా చూస్తుండగా శాలువా కప్పాడు. తర్వాత అరుగు మీదే కూర్చోబెట్టి పేపర్ కప్పు చేతికిచ్చి, తను స్టీలు గ్లాసులో తాగాడు. మాస్టరు రెండింటినీ చూశాడు, టీ బాగుందన్నాడు. సంగవి మాత్రం విసురుగా లేచిపోయింది. ఆ పతకాన్ని ఆమె ఈనాటికీ ఇంట్లో తగిలించలేదు.

ఇప్పుడు మాస్టరు శిక్షణంతా సంగవికి అప్పగించి తన దేశం వెళ్లిపోతున్నాడు. బండెక్కేలోగా ఆయన్ని ఇంటి లోపలికి పిలిచి, ఆకు వేసి బువ్వ పెట్టాలని తిరుపతిసామికి బుద్ధి పుట్టింది. ఇన్నేళ్లూ ఎక్కడికి పోయిందో ఆ బుద్ధి! కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి, అదే పల్లీపట్టీ, కొని, బస్సులో ఆ పిలుపే వల్లె వేసుకుంటూ విరుదునగర్ చేరాడు.

గదిలో పెట్టెలు కట్టేసి ఉన్నాయి. ఈయన నోరు తెరిచేలోపే మాస్టరు టీ కాచి తెచ్చాడు. తనకు పిడి విరిగిన పింగాణీ కప్పు. తిరుపతిసామికి కొత్త స్టీలు గ్లాసు, అంగడి స్టిక్కర్ కూడా తీయలేదు.

"బయపడొద్దు అయ్యా, తాగండి," అన్నాడు మాస్టరు, సంగవి దగ్గర నేర్చుకున్న ఇంటి తెలుగులో. "దీంట్లో ఎవురూ నోరు పెట్టలే. నేనూ పెట్టలే. మీరు ఎప్పుడన్నా వస్తారని కొనిపెట్టినాను."

అందులో ఎత్తిపొడుపు ఉన్నా బాగుండేది, తిరిగి ఓ మాట అనేవాడు. లేదు. పాపం, ఆ మనిషి ఈయన పట్టింపుకు నిజంగానే మర్యాద చేశాడు. సిగ్గుతో తిరుపతిసామి చెవులు కాలిపోయాయి. గ్లాసు కింద పెట్టేశాడు.

"మా ఇంటికి రా మాస్టర్. లోపలికొచ్చి, బువ్వ తిని పో."

"రైలు వచ్చే పొద్దాయె అయ్యా." మాస్టరు ఆ గ్లాసు కడిగి, పేపర్లో చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. "తీసుకుపోండి. ఇది మీదే."

ఇంట్లో భార్య పుష్పం పొట్లం విప్పింది. "ఎవురిచ్చిరి?"

"మాస్టర్."

ఆమె గ్లాసును వేళ్ల కొసలతో పట్టుకుంది. "లోపల పెట్టేదా, బయట పెట్టేదా?"

గుమ్మంలో నిలబడ్డ సంగవి తండ్రి మొహంలోకి చూసింది.

"లోపల పెట్టు," అన్నాడు తిరుపతిసామి, గట్టిగానే. వినవలసిన మనిషి అప్పటికి మదురై దాటిపోయాడు.